వేలిముద్ర వెనుక మనిషి

ధర్మాన్ని గురుముఖతః నేర్చుకోవాలని పెద్దలు చెప్పారు. నేడు ఆ గురుముఖం చాలామందికి గాజుతెర మీద కనబడుతున్నది. మన నోవైకి అరగంట ప్రయాణ దూరంలో ఆన్ ఆర్బర్ నగరం ఉన్నది. అక్కడి మిషిగన్ విశ్వవిద్యాలయం ‘డేటా సైన్స్ ఎథిక్స్’ అనే పాఠ్యక్రమాన్ని అంతర్జాలంలో ఉంచింది. సమాచార శాస్త్రంలో నీతి అని దానిని మనం చెప్పుకోవచ్చు. ఆచార్య హెచ్.వి. జగదీశ్ బోధించే ఈ పాఠాలను ప్రపంచంలో ఎక్కడివారైనా ఇంటి నుండే వినగలరు. సమ్మతి, సమాచారంపై యాజమాన్యం, ఏకాంతం, అజ్ఞాతత్వం, సమాచారపు యథార్థత, యంత్రగణన చేసే తీర్పులలో న్యాయం, సమాజంపై వాటి ఫలితాలు అనే విషయాలు అందులో ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

కంప్యూటరు వృత్తితో సంబంధం లేని విశ్రాంత ఉపాధ్యాయులకు ఈ చదువుతో ఏమి పని అని కొందరు మిత్రులు అడిగారు. నాకు పని ఉన్నది. మా వంశచరిత్ర ఒక సంఖ్యతో మొదలవుతుంది.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాల్ చెరకు తోటలకు, గనులకు, రైలుమార్గాలకు వెళ్ళారు. వారిలో అధికులు మద్రాసు రేవు నుండి ఓడ ఎక్కినవారు. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల తెలుగువారు వారిలో ఉన్నారు. మా పూర్వీకులు ఆ జనంలోనివారే. ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాణా, గ్రామం, ఎత్తు, శరీరంపై పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు దొరలు పెద్ద పుస్తకాలలో వ్రాయించారు. ఆ ఓడల పట్టికలు నేడు క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయపు గాంధీ-లుథులీ కేంద్రం ద్వారా అంతర్జాలంలో లభిస్తున్నాయి.

గోత్రం మరచిపోయిన కుటుంబాలు మావి. అర్చన వేళ అర్చకస్వాములు అడిగితే కాశ్యప గోత్రమని చెబుతాము. గోత్రం తెలియదు గాని సంఖ్య తెలుసు. ఆ సంఖ్య వెనుక ఉన్న మనిషి ఆ వివరాలను ఎవరికి ఇచ్చాడు, దేనికి ఇచ్చాడు, ఇప్పుడు వాటిని ప్రపంచమంతా చూడవచ్చునా అన్న ప్రశ్నే నన్ను ఈ పాఠాల వద్దకు తీసుకువచ్చింది.

పాఠ్యక్రమంలో మొదటి ముఖ్య విషయం ‘తెలిసి ఇచ్చిన సమ్మతి’. దీని చరిత్ర బాధాకరమైనది. నాజీ వైద్యులు బందీలపై చేసిన ప్రయోగాల విచారణ ముగిసినప్పుడు, 1947లో, మనిషి స్వచ్ఛందంగా సమ్మతించనిదే అతనిపై ప్రయోగం చేయరాదని న్యూరెంబర్గ్ నియమావళి చెప్పింది. కాని అప్పటికే అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టస్కీగీ అధ్యయనం సాగుతూ ఉన్నది. 1932 నుండి 1972 వరకు, సిఫిలిస్ వ్యాధి సోకిన నల్లజాతి పురుషులకు ఆ సంగతి సరిగా చెప్పకుండా, మందు లభించిన తరువాత కూడా ఇవ్వకుండా ప్రభుత్వ వైద్యులు వారిని పరిశీలిస్తూ కూర్చున్నారు. అది బయటపడిన తరువాత 1979లో బెల్మాంట్ నివేదిక వెలువడింది. వ్యక్తిని గౌరవించడం, మేలు చేయడం, న్యాయం పాటించడం అనే మూడు సూత్రాలను అది నిలిపింది.

ఇవి వైద్యశాలల సంగతులు గదా, అంతర్జాలానికేమి సంబంధం అనవచ్చు. 2012 జనవరిలో ఒక వారం పాటు ఫేస్‌బుక్ సంస్థ 6,89,003 మంది వినియోగదారులకు కనబడే వార్తలలో సంతోషకరమైన మాటలనో, విచారకరమైన మాటలనో తగ్గించి, వారి మనఃస్థితి మారుతుందో లేదో పరిశీలించింది. ఆ సంగతి వారికి తెలియదు. 2014లో ఆ పరిశోధన ప్రచురితమైనప్పుడు విమర్శ చెలరేగింది. చేరేటప్పుడు నియమాలన్నిటికీ అంగీకరించారు గదా అన్నది సంస్థ పక్షాన వినిపించిన సమాధానం.

ఆ సమాధానం మా ఇంట పాతది. మా పూర్వీకులూ అంగీకరించారు. ఒప్పందాన్ని కూలీకి వివరించి, అతడు ఇష్టపడి వెళుతున్నాడని అధికారి నిర్ధారించుకోవాలని వలస చట్టాలు నిర్దేశించాయి. కాగితం మీద అంతా సక్రమమే. నెలకు పది షిల్లింగులతో ఆరంభమయ్యే జీతం, ఐదేళ్ళ గడువు, తిండి, బట్ట అని వ్రాసి ఉన్నది. సముద్రం ఎంత విశాలమో, అనుమతి లేకుండా తోట దాటితే శిక్ష ఎటువంటిదో, ఐదేళ్ళ తరువాత ఊరి ముఖం చూసేవారు ఎందరో ఆ కాగితం వారికి చెప్పలేదు. ‘అగ్రిమెంటు’ అన్న మాట పలకలేక కూలీలు ‘గిర్మిట్’ అన్నారు. పేరైనా నోరు తిరగని కాగితానికి సమ్మతి తెలిపారన్నమాట. నేడు చరవాణిలో నలభై పుటల నియమాలను చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అన్న బొత్తాం నొక్కే మనకు ఆకలి బాధ లేదు. అంతవరకు మన స్థితి మేలు. కాని ఆ అంగీకారపు నాణ్యత మాత్రం ఒక్కటే.

ఈ విచారం మన సంప్రదాయానికి కొత్త కాదు. సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్న సమ్మతిని గురించినదే. తనను తాను ముందుగా ఓడిపోయినవానికి నన్ను పణంగా ఒడ్డే అధికారం ఉన్నదా అని ఆమె నిండుసభను అడిగింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని చెప్పి తప్పుకున్నాడు. ఒకరికి సంబంధించిన దానిని మరొకరు పణంగా పెట్టవచ్చునా అన్నదే అక్కడి చిక్కు. మన చరవాణిలోని పరిచయస్తుల పేర్లు, సంఖ్యలు అన్నిటినీ ఏదో ఒక యాప్‌కు అప్పగించినప్పుడు మనం చేసేది సరిగా అదే. పణం మనది కాదు.

ఇక రెండవ విషయం, సేకరించిన సమాచారపు ప్రయోజనం. చిత్రగుప్తుని చిట్టాలో అందరి లెక్కలూ ఉంటాయని చిన్నప్పుడు విన్నాము. ఆ చిట్టాకు ఒక మర్యాద ఉన్నది. అది ఒకే కొలువులో, ఒకే సందర్భంలో విప్పబడుతుంది, మరొకరికి అమ్మబడదు. మనుషులు వ్రాసే చిట్టాలకు ఆ మర్యాద ఉండదు. పనివారిని గుర్తించడానికని వ్రాసిన పుట్టుమచ్చ, పారిపోయినవానిని పట్టి తేవడానికి ఉపయోగపడింది.

1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియావాసులందరూ వేలిముద్రలిచ్చి నమోదు చేసుకోవాలని శాసనం తెచ్చినప్పుడు, ఆ సంవత్సరం సెప్టెంబరు 11న జొహన్నెస్‌బర్గ్‌లోని ఎంపైర్ నాటకశాలలో భారతీయులు సమావేశమై దానికి లొంగమని ప్రతిజ్ఞ చేశారు. తరువాతి కథను నీతిశాస్త్ర విద్యార్థులు శ్రద్ధగా చదవాలి. 1908 ఆరంభంలో ప్రభుత్వంతో రాజీ కుదిరినప్పుడు, అదే వేలిముద్రను స్వచ్ఛందంగా ఇవ్వడానికి గాంధీజీ అంగీకరించారు. తాను స్వయంగా ఇచ్చారు. శాసనాన్ని రద్దు చేస్తారని ఆయన నమ్మారు. ప్రభుత్వం రద్దు చేయకపోయేసరికి 1908 ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో రెండువేలకు పైగా నమోదు పత్రాలను పెద్ద ఇనుప పాత్రలో వేసి కాల్చారు. వేలు అదే, సిరా అదే. బలవంతంగా అడిగితే అది అవమానం. ఇష్టపడి ఇస్తే అది సహకారం. ఇచ్చిన తరువాత మాట తప్పితే ఆ సమ్మతిని వెనుకకు తీసుకునే హక్కు ఇచ్చినవారికి ఉంటుంది. ‘సమ్మతి ఉపసంహరణ’ అని నేటి చట్టాలు చెప్పే దానిని సామాన్యులైన వ్యాపారులు, కార్మికులు నిప్పుతో చెప్పారు.

ఆ దేశంలోనే 1950లో జనాభా నమోదు చట్టం వచ్చింది. ప్రతి మనిషికి జాతి ముద్ర పడింది. అదే సంవత్సరపు ప్రాంత విభజన చట్టంతో కలిసి ఆ ముద్ర, ఎవరు ఎక్కడ నివసించాలో, ఏ బడిలో చదవాలో, చదువు చెప్పాలో నిర్ణయించింది. డర్బన్‌లోని కేటో మేనర్ వంటి చోట్ల భారతీయులు కట్టుకున్న ఇళ్ళు, గుళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. 1991లో ఆ నమోదు చట్టం రద్దయింది. పట్టికలోని ఒక గడి మనిషి బ్రతుకును ఎట్లా శాసిస్తుందో మా తరానికి పుస్తకం చదివి తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

అది గతించిన కాలమని ఊరట చెందవద్దు. మన మిషిగన్ రాష్ట్రంలో 2013లో నిరుద్యోగ భృతి వ్యవహారాలను ‘మైడాస్’ అనే యంత్రవ్యవస్థకు అప్పగించారు. రెండేళ్ళలో దాదాపు నలభై వేల మందిని అది మోసగాళ్ళని తప్పుగా నిర్ధారించింది. మనిషి ప్రమేయం లేకుండా యంత్రం ఒక్కటే తీర్పు చెప్పిన 22,427 వ్యవహారాలను తరువాత తిరిగి పరిశీలిస్తే, నూటికి 93 తప్పులని తేలింది. అప్పటికే నాలుగు రెట్ల జరిమానాలు పడ్డాయి, జీతాలలో కోతలు పడ్డాయి.

2020 జనవరిలో, నోవైని ఆనుకుని ఉన్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక నల్లజాతి గృహస్థుని భార్యాబిడ్డల ఎదుట డిట్రాయిట్ పోలీసులు అరెస్టు చేశారు. దుకాణంలోని కెమెరా చిత్రంతో ఆయన ముఖం సరిపోయిందని యంత్రం చెప్పింది. ఆయన ఆ దొంగ కాడు. దాదాపు ముప్ఫై గంటలు నిర్బంధంలో గడిపాడు. 2024లో కుదిరిన ఒప్పందం ప్రకారం, ముఖాన్ని పోల్చే యంత్రం మాట ఒక్కటే ఆధారంగా డిట్రాయిట్ పోలీసులు ఎవరినీ అరెస్టు చేయరాదు. తెలంగాణలో రద్దైన దాదాపు 19 లక్షల ఆహారభద్రత కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022లో భారత సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించవలసి వచ్చింది. అక్కడ కూడా అర్హతను తేల్చినది కంప్యూటరు పోలికే. బియ్యం కోల్పోయినది మాత్రం మనిషి.

ఈ మూడింటిలోనూ దుష్టుడెవడని వెదికితే దొరకడు. కార్యక్రమం వ్రాసినవారు తమకు చెప్పినట్లు వ్రాశారు. అధికారి తెర మీద వచ్చిన మాటను నమ్మాడు. పాపం పదిమందిలో పంచుకుపోయి ఎవరి వంతూ కనబడకుండా పోయింది. సామాజిక బాధ్యత అంటే ఏమిటో ఈ ఉదాహరణల వలన నాకు స్పష్టమైంది. నష్టపోయినవాడు వచ్చి అడిగితే ‘నేను సమాధానం చెబుతాను’ అని నిలబడే మనిషి ఒకరు ఉండాలి. ఈ మాట ఈ ఊరికి మరింత తగినది. మన కుటుంబాలలో ఇటువంటి వ్యవస్థలను నిర్మించే ఉద్యోగాలు చేసే బిడ్డలు ఎందరో ఉన్నారు. ఈ పూట ఆఫీసులో నువ్వు వ్రాసినది తప్పు తీర్పు చెబితే, దానిని సరిదిద్దమని అడిగే దారి ఉన్నదా నాన్నా అని భోజనం వేళ వారిని అడగగల చదువు పెద్దవారికి కావాలి.

ఇప్పుడు మా కుటుంబంలో ఏర్పడిన సమస్యను చెబుతాను. మా దాయాదులు డర్బన్, లండన్, మిషిగన్‌లలో ఉన్నారు. మా తమ్ముని కుమారుడు వంశవృక్షాన్ని తయారుచేసి, ఓడల పట్టికలోని వివరాలన్నిటినీ చేర్చి, అందరికీ కనబడే పుటలో ఉంచుతానన్నాడు. సాయంకాలపు తరగతిలో తెలుగు అక్షరాలు దిద్దుకున్న నాకు, గుమాస్తాలు ఇంగ్లీషులో చెవికి తోచినట్లు వ్రాసిన పేర్లను తిరిగి తెలుగులోకి తెచ్చే పని అప్పగించాడు. ‘అపల్సామి’ని అప్పలస్వామిగా, ‘లచ్మి’ని లక్ష్మిగా వ్రాసినప్పుడు కలిగిన ఆనందం వేరు. కాని కులం గడి వద్దకు వచ్చేసరికి కుటుంబం రెండుగా చీలింది.

డర్బన్‌లోని మా చిన్నమ్మ ఆ గడి వద్దని ఖండితంగా చెప్పింది. ఒకే ఓడలో ఒకే గంజి త్రాగినవారు ఒకరికొకరు చుట్టాలయ్యారనీ, మూడు తరాలుగా ఎవరూ అడగని దానిని ఇప్పుడు ఊరంతా చాటి, పెళ్ళికెదిగిన పిల్లలకు ముద్ర వేయవద్దనీ ఆమె వాదన. లండన్‌లోని మేనకోడలు అంతే గట్టిగా కావాలన్నది. ఆ గడిని దాచేది సిగ్గుపడేవారేననీ, తక్కువ కులమని వ్రాయబడిన అవ్వ పడిన శ్రమను దాచడం ఆమెను రెండవసారి అవమానించడమేననీ ఆమె అన్నది. ఇద్దరి మాటలోనూ ధర్మం ఉన్నది. సముద్రం దాటినా కులం ప్రశ్న వెంట రాలేదని చెప్పడానికి వీలులేదు; 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ శాసనం చేయవలసి వచ్చింది.

చట్టం మాకు దారి చూపలేదు. దక్షిణాఫ్రికా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గాని, 2018లో అమలులోకి వచ్చిన ఐరోపా నిబంధనలు గాని జీవించి ఉన్నవారికే వర్తిస్తాయి. చనిపోయినవారి పక్షాన అడిగేవారు వారి సంతానమే. ఆ పట్టిక ఇప్పటికే బహిరంగం గదా, మనం కొత్తగా బయటపెట్టేది ఏమున్నది అని తమ్ముని కుమారుడు అడిగాడు. దానికి సమాధానం పాఠాలతోపాటు నేను చదివిన హెలెన్ నిస్సెన్‌బామ్ అనే పండితురాలి ఆలోచనలో దొరికింది. సమాచారం రహస్యమా, బహిరంగమా అని మాత్రమే చూడరాదు. అది ఏ సందర్భంలో పుట్టిందో, ఏ సందర్భంలోకి వెళుతున్నదో చూడాలని ఆమె అంటారు. పరిశోధకుడు వెదికి చదివే పుస్తకంలో ఉన్న మాట వేరు. బ్రతికి ఉన్న మనుమల పేర్ల పక్కన, వారి ఛాయాచిత్రాల క్రింద అతికించిన మాట వేరు.

చివరకు మేము చేసుకున్న ఏర్పాటు ఇది. పూర్వీకుల పేర్లు, గ్రామాలు, ఓడ పేరు, సంవత్సరం అందరికీ కనబడతాయి. కులం, శరీర చిహ్నాలు, శిక్షలు, రోగాల వివరాలు కుటుంబపు ప్రతిలో మాత్రమే ఉంటాయి; సంతతివారెవరు అడిగినా చూపాలి. ఆ ప్రతిలో ఒక్క అక్షరం మార్చరాదు. కులాన్ని పెంచి వ్రాయరాదు, తగ్గించి వ్రాయరాదు. దాచడం వేరు, చెరపడం వేరు. తన శాఖ వివరాలను బహిరంగం చేయాలనుకునేవారు తమ శాఖలోని పెద్దలను అడిగి చేయవచ్చు. జీవించి ఉన్నవారి పుట్టిన తేదీలు, చిత్రాలు వారి అనుమతి లేకుండా ఉంచరాదు. పిల్లల విషయంలో తల్లిదండ్రులు అనుమతించినా, వారు పెద్దవారై వద్దంటే తీసివేయాలి. అభ్యంతరం వస్తే సమాధానం చెప్పే బాధ్యత ఒకరి పేర వ్రాసి ఉంచాలి. ఆ పేరు ప్రస్తుతానికి నాది. చిన్నమ్మకూ, మేనకోడలికీ ఇది పూర్తిగా నచ్చలేదు. అయినా ఇద్దరూ తమ చిత్రాలను పంపారు.

పుట్టిన తేదీ గురించి ఒక మాట. అమెరికాలో పుట్టిన తేదీ, నివాసపు జిప్ కోడ్, స్త్రీయా పురుషుడా అన్న ఈ మూడింటితోనే నూటికి 87 మందిని పేరు లేకుండానే గుర్తుపట్టే వీలున్నదని లటాన్యా స్వీనీ అనే శాస్త్రజ్ఞురాలు లెక్కించి చూపారు. మనం పుట్టినరోజు పూజకని పేరు, నక్షత్రం, తేదీ, చిరునామా వ్రాసిన జాబితాలను వాట్సాప్ బృందాలలో త్రిప్పేటప్పుడు ఈ లెక్క జ్ఞాపకం రావాలి. సంకల్పంలో భక్తుడు గోత్రనామాలు చెప్పేది భగవంతునికి. అర్చకస్వాముల చెవిదాకా చేరవలసిన మాట ఐదువందల మంది చేతులలోకి వెళ్ళనవసరం లేదు. నిజానిజాలు తెలియని వార్తను ముందుకు పంపకపోవడం, ఇతరుల పిల్లల ఫోటోలను అడగకుండా పెట్టకపోవడం, ఒంటరిగా ఉన్న వృద్ధులకు మోసపు ఫోనుల సంగతి ఓపికగా చెప్పడం కూడా సామాజిక బాధ్యతే.

అంతర్జాలంలో నీతి నేర్చుకోవడం సాధ్యమా అన్న ప్రశ్నకు ఉపాధ్యాయ వృత్తిలో జీవితం గడిపిన మనిషిగా నా అభిప్రాయం చెప్పాలి. సాధ్యమే, కాని సగమే. తెర మీది పాఠం ఉదాహరణలను, పదాలను, వాదనా క్రమాన్ని ఇస్తుంది. ఏ దేశంలో ఉన్నా, ఏ వయస్సులో ఉన్నా ఇస్తుంది. అది చిన్న ఉపకారం కాదు. ఉత్తరాలలో ఏది సరియైనదో గుర్తించి మార్కులు తెచ్చుకోవడం కూడా కష్టం కాదు. కాని నీతి పరీక్షను దిద్దవలసినది యంత్రం కాదు. మన నిర్ణయం వలన లాభమో నష్టమో పొందేవారు. మా ఉత్తరపత్రాన్ని డర్బన్‌లో చిన్నమ్మ దిద్దింది, లండన్‌లో మేనకోడలు దిద్దింది. ఇద్దరూ చెరొక ఎర్రగీత పెట్టారు. ఆ గీతలను చూచుకుంటూ ఏర్పాటును మళ్ళీ మళ్ళీ సరిచేసుకోవడమే మిగిలిన సగం చదువు.

మనకు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం ఉన్నాయంటారు. పితరుల ఋణం తిలోదకాలతో తీరుతుందని విన్నాము. సంఖ్యగా వ్రాయబడిన పితరులున్న మా వంటివారికి ఇంకొక పని మిగిలి ఉన్నది. ఆ సంఖ్యను మళ్ళీ పేరుగా మార్చి, ఆ పేరును గౌరవంగా ఉంచాలి. వారు అడగలేకపోయిన అనుమతిని, ఇక ముందు మనం వ్రాసే ప్రతి మనిషి వద్ద మనం అడగాలి.